మా నాయన మోకాలికి లాటరీనా?

ప్రశ్న:

డాక్టరు గారికి నమస్కారం. మాది కుప్పం దగ్గర పల్లె. పెళ్ళయ్యాక నేను తిరుపతిలో ఉంటున్నా. మా నాయనకు 61 ఏళ్ళు. వయసులో ఉన్నప్పుడు చిగురుగుంట బంగారు గనిలో పదకొండేళ్ళు చేశాడు. 2001లో అది మూతపడ్డాక గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ పనికి పోయినాడు. ఐదేళ్ళ కిందట మానుకున్నాడు. ఇప్పుడు ఇంటి దగ్గర రెండు ఆవుల్ని చూసుకుంటున్నాడు. రెండు మోకాళ్ళూ పోయినాయి, కుడిది మరీ ఎక్కువ. తిరుపతిలో ఒక ఆస్పత్రిలో చూపిస్తే గుజ్జు అరిగిపోయింది, ఆపరేషన్ చేయించుకోవాల్సిందే అన్నారు.

అక్కడ ఏదో స్టడీ జరుగుతోందట. కొందరికి మోకాలు మొత్తం మారుస్తారట, కొందరికి అరిగిన పక్క మాత్రమే మారుస్తారట. ఎవరికి ఏది చెయ్యాలో డాక్టరు కాకుండా కంప్యూటరు చీటీ తీసినట్టు తేలుస్తుందట. ఒప్పుకుంటే ఇంప్లాంటు ఖర్చు వాళ్ళదే. మా అన్న "మనోళ్ళ మీద ప్రయోగాలా" అని ఎగిరినాడు. నాయనేమో "ఫ్రీగా చేస్తామంటే నీకేం నొప్పిరా" అంటున్నాడు. ఈ వారంలోనే ఏదో ఒకటి చెప్పమన్నారు. నాయన చదువుకోలేదు, సంతకం మాత్రం పెడతాడు. ఆయన బదులు నేను పెట్టొచ్చా?

ఇంకోటి. నాయనకు ఎప్పుడూ దగ్గే. 2019లో ఎక్స్‌రే చూసి టీబీ అని ఆరు నెలలు మందులు వాడించినారు. కఫంలో మాత్రం ఏమీ కనపడలేదన్నారు. పొద్దున లేస్తే చేతివేళ్ళు ముడుచుకుపోతున్నాయి అంటాడు. దీనికీ మోకాలికీ సంబంధం ఉండదనుకోండి, అయినా రాస్తున్నా. కేసు షీటు ఫోటో పంపుతున్నా. ఏం చెయ్యమంటారు?

— ఒక కూతురు, తిరుపతి

సమాధానం:

అమ్మా,

"దీనికీ మోకాలికీ సంబంధం ఉండదనుకోండి" అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. ఆ దగ్గు, ఆ చేతివేళ్ళ సంగతి లేకపోతే మీ ప్రశ్నకు అరపేజీలో జవాబు రాసి పంపేసేవాణ్ణి.

కేసు షీటు చూశాను. వయసు, బీపీ, షుగర్ లేదన్న మాట, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. వృత్తి అన్నచోట మాత్రం "కూలి" అని ఉంది. పదకొండేళ్ళు భూమి కింద, పంతొమ్మిదేళ్ళు బండ మీద, అదిరే డ్రిల్లు పట్టుకుని రాతి దుమ్ము పీల్చిన మనిషి మొత్తంగా ఆ ఒక్క మాటలో ఇరుక్కుపోయారు. రాసుకున్న పిల్లాణ్ణి ఏమీ అనను. ఓపీలో జనం తోసుకుంటుంటే ఎవరైనా అంతే రాస్తారు. నేను చేసిన తప్పు ఇంతకంటే పెద్దది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏ ఆస్పత్రో చెప్పను, ఒకాయనకు రెండుసార్లు టీబీ మందులు రాశాను. మూడోసారి వచ్చినప్పుడు ఆయన భార్య "క్వారీకి పోవడం మానేస్తే తగ్గుతాదేమో సార్" అంది. ఏ క్వారీ, ఏం పని అని నేను అడిగింది అప్పుడే. 1700లోనే ఇటలీలో రమజ్జీని అనే వైద్యుడు, రోగిని అడిగే ప్రశ్నల్లో "నువ్వు ఏం పని చేస్తావు" అన్నది కూడా చేర్చుకోమని తోటి వైద్యులకు చెప్పాడు. అది మేమంతా చదువుకున్నదే. పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం.

అందుకని స్టడీ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు ఊపిరితిత్తులు.

కోలారు నుంచి చిగురుగుంట దాకా సాగిన ఆ పట్టీలో బంగారం ఎక్కువగా పలుగురాతి చారల్లో దొరుకుతుంది. పలుగురాయి అంటే దాదాపు అచ్చమైన సిలికా. దాన్ని తొలిచినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించేది పెద్దగా హాని చెయ్యదు, ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని కణాలు లోపలికంటా పోయి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడి మచ్చలు కడుతుంది. దీన్ని సిలికోసిస్ అంటారు. మామూలుగా పదేళ్ళు, ఇరవై ఏళ్ళు దుమ్ములో పనిచేశాక బయటపడుతుంది. పని మానేసినా ఆగకుండా పెరగొచ్చు. మచ్చల్ని పోగొట్టే మందు లేదు. ఎక్స్‌రేలో మచ్చలు పైభాగంలో కనబడతాయి, టీబీ మచ్చలూ ఎక్కువగా అక్కడే ఉంటాయి కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం మన దగ్గర తరచూ జరిగేదే.

కఫంలో ఏమీ దొరకలేదు కాబట్టి మీ నాయనకు 2019లో వచ్చింది టీబీ కాదని నేను తేల్చి చెప్పడం లేదు. కఫంలో దొరకని టీబీ కూడా ఉంటుంది. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ వచ్చే అవకాశం మామూలు మనుషుల కంటే కొన్ని రెట్లు ఎక్కువ. రెండూ కలిసి ఉన్నా ఉండొచ్చు. అందుకే పాత ఎక్స్‌రే ఫిల్ము ఎక్కడుందో వెతకండి. చాలా ఇళ్ళల్లో అది బీరువా మీద, పెళ్ళి ఆల్బమ్ పక్కన ఉంటుంది. దాన్నీ, కొత్తగా తీసిన ఎక్స్‌రేనూ పక్కపక్కన పెట్టి ఊపిరితిత్తుల డాక్టరు చూడాలి. మీ ఊరికి కుప్పంలోని పీఈఎస్ మెడికల్ కాలేజీ దగ్గర, మీకు తిరుపతి రుయా దగ్గర. రెండూ బోధనాసుపత్రులే, ఎక్కడైనా సరే. అవసరమైతే సీటీ స్కాన్ రాస్తారు. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష చేస్తారు. కఫం ఉంటే ఈసారి సీబీనాట్, అంటే కఫంలో టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష, చెయ్యమని అడగండి.

ఇదంతా మోకాలి ఆపరేషన్‌కు ముందే ఎందుకంటే, మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ లెక్క కావాలి. మోకాలికి చాలామటుకు నడుములో సూది ఇచ్చే చేస్తారు, పూర్తి మత్తు అవసరం పడకపోవచ్చు. అయినా ఆపరేషన్ అయిన మర్నాడే లేపి నడిపిస్తారు. ఊపిరి చాలని మనిషికి ఆ నడకే కష్టమవుతుంది. లోపల టీబీ మిగిలి ఉంటే, అరుదుగానే అనుకోండి, కృత్రిమ కీలు దగ్గర తిరగబెట్టొచ్చు. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయని ఆపరేషన్ మానుకోనక్కర్లేదు, తెలిసి చేయించుకుంటే చాలు. మీరు రాయలేదు గానీ, బీడీ అలవాటుంటే కనీసం నెల ముందు నుంచి పూర్తిగా మానాలి. "తగ్గించినాలే" అంటే కుదరదు.

క్వారీలో ఆయన కొట్టింది ఏ రాయో కూడా అడగండి. నల్ల గ్రానైట్ అని మనవాళ్ళు అమ్మే రాయి చాలావరకు డోలరైట్, అందులో పలుగు చాలా తక్కువ. బూడిద రంగు, గులాబి రంగు రాళ్ళలో పావు వంతు, ఒక్కోసారి అంతకు పైన కూడా ఉంటుంది. నీళ్ళు పోస్తూ తొలిచారా, పొడిగా తొలిచారా అన్నది అంతకంటే ముఖ్యం. ఇవి డాక్టరుకు ఎక్స్‌రే చెప్పలేని సంగతులు. మీ నాయనకు మాత్రం నోటికి వచ్చు.

ఇప్పుడు చేతివేళ్ళు. ఇక్కడ రెండు దారులున్నాయి. మీరు ఒక వారం గమనించి ఏదో చెప్పాలి.

చలికి వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, తిమ్మిరెక్కి, వేడి తగిలాక మళ్ళీ ఎర్రబడుతున్నాయా? అయితే అది డ్రిల్లు అదురు వల్ల రక్తనాళాలు, నరాలు దెబ్బతిన్న లక్షణం. 1918లో అమెరికాలోని ఇండియానా రాతి క్వారీల్లో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ సరిగ్గా ఇదే చూసి రాసింది. గాలి ఒత్తిడితో నడిచే పనిముట్లు పట్టుకునే రాతిపనివాళ్ళ వేళ్ళు చలికాలం పొద్దున్నే తెల్లబడేవి. కుప్పం చలి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇది ఇబ్బందే గానీ మోకాలి ఆపరేషన్ నిర్ణయాన్ని మార్చదు. ఒక్క మాట, ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు వాకరు పట్టుకోవాలి కాబట్టి చేతిపట్టు ఎలా ఉందో ఫిజియోథెరపీ వాళ్ళకు చెప్పండి.

అలా కాకుండా పిడికిలి దగ్గరి కణుపులు వాచి, రెండు చేతులకూ ఒకే రకంగా ఉండి, పొద్దున లేచాక అరగంటో గంటో గడిస్తే గానీ వేళ్ళు వదులు కావడం లేదా? అయితే అది కీళ్ళవాతం, రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావొచ్చు. సిలికా దుమ్ముకూ ఈ జబ్బుకూ సంబంధం ఉంది. 1953లో వేల్స్ బొగ్గు గని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తూ కాప్లాన్ అనే డాక్టరు ఒక సంగతి పట్టుకున్నాడు. దుమ్ము జబ్బుతో పాటు కీళ్ళవాతం ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఒక ప్రత్యేకమైన రకం గుండ్రటి గడ్డలు కనిపిస్తున్నాయి. ఆ తర్వాత సిలికాలో పనిచేసినవాళ్ళలో కీళ్ళవాతం ఎక్కువని చాలా దేశాల్లో తేలింది. ఊపిరితిత్తీ కీలూ ఒకే దుమ్ముకు దెబ్బతిన్నాయన్నమాట.

ఇక్కడ మీ స్టడీ సంగతి మళ్ళీ వస్తుంది. మోకాలిని అరిగిన పక్క మాత్రమే మార్చే ఆపరేషన్ ఎవరికి చేస్తారంటే, అరుగుదల ఒక పక్కకే, ఎక్కువగా లోపలి పక్కకే పరిమితమై, ఎముకల్ని పట్టి ఉంచే లోపలి లిగమెంట్లు గట్టిగా ఉన్నవాళ్ళకు. కీళ్ళవాతం అలా ఒక పక్కన ఆగే జబ్బు కాదు. కీలు లోపలి పొరను మొత్తంగా పట్టుకుంటుంది. ఈరోజు బాగున్న పక్క తర్వాత పాడవ్వొచ్చు. అందుకే కీళ్ళవాతం ఉంటే సగం మార్పిడి చెయ్యరు. అంటే మీ నాయనకు ఆ జబ్బు ఉంటే ఆయన ఆ చీటీలోనే ఉండకూడదు. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అని రెండు రక్త పరీక్షలున్నాయి. సంతకం మాట వచ్చేలోపు అవి చేయించమని ఆ డాక్టర్లనే అడగండి. అడిగితే కాదనరు. వాళ్ళకూ స్టడీలో చేరకూడని మనిషి చేరడం ఇష్టం ఉండదు.

ఇంతకీ మీ అన్న కోపం. ఆ కోపాన్ని నేను తీసిపారెయ్యను. ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో హాస్టల్ ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసిన వ్యవహారం మీకు గుర్తుండొచ్చు. 2010లో అది ఆగింది. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని పార్లమెంటు కమిటీ దాకా వెళ్ళింది. మనవాళ్ళకు స్టడీ అనే మాట వినగానే గుండె దడ రావడం ఊరికే కాదు.

కానీ చీటీ తియ్యడం మాత్రం తప్పు కాదు. ఎందుకో ఒక కథ చెప్తాను. మోకాలి నొప్పికి చిన్న రంధ్రం పెట్టి లోపల కడిగి, గరుకుగా ఉన్నచోట గీకి శుభ్రం చేసే ఆపరేషన్ ఒకటి ఏళ్ళ తరబడి ప్రపంచమంతా జోరుగా సాగింది. చేయించుకున్నవాళ్ళు తగ్గిందనే చెప్పేవాళ్ళు, చేసినవాళ్ళు నమ్మేవాళ్ళు. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 180 మంది రోగుల్ని చీటీ తీసి మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు కడిగారు, ఒక గుంపుకు గీకారు. మూడో గుంపుకు చర్మం మీద కోతలు పెట్టి కుట్టేశారు, లోపల ఏమీ చెయ్యలేదు. అలా జరగొచ్చని రోగులకు ముందే చెప్పి, వాళ్ళ చేతే రాయించుకున్నారు. రెండేళ్ళు గమనించి 2002లో ఫలితం అచ్చేశారు. మూడు గుంపులకూ తేడా లేదు. కోత మాత్రమే పడినవాళ్ళకు కూడా అంతే తగ్గింది. చీటీ తియ్యకుండా, డాక్టరు తనకు నచ్చినవాళ్ళకు నచ్చినట్టు చేసుకుంటూ పోతే ఈ నిజం ఎప్పటికీ బయటపడేది కాదు.

మొత్తం మార్చాలా, ఒక పక్కే మార్చాలా అన్న ప్రశ్న మీద కూడా బ్రిటన్‌లో ఇలాగే చీటీ తీసి 528 మందిని ఐదేళ్ళు చూశారు. ఫలితం 2019లో వచ్చింది. నొప్పి, నడక విషయంలో రెండూ దాదాపు సమానం. ఖర్చు లెక్కన ఒక పక్క మార్చడమే కాస్త మెరుగు. అయితే, ఆపరేషన్ చేసిన ప్రతి మోకాలినీ నమోదు చేసే దేశాల్లో పుస్తకాలు చూస్తే, ఒక పక్క మార్చిన వాళ్ళలో మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవాళ్ళు ఎక్కువ. అంటే రెండిట్లో ఏది మేలో నిజంగానే తేలని చోటు ఒకటుంది. ఆ తేలని చోట ఉన్నవాళ్ళకే చీటీ తియ్యాలి. మీ నాయన ఎక్స్‌రే చూసి "ఈయనకు రెండూ సరిపోతాయి" అని డాక్టరు నమ్మకంగా చెప్పగలగాలి. ఆ మాట ఆయన నోటితోనే చెప్పమనండి. తటపటాయిస్తే స్టడీ వద్దు, తిరుపతిలోనే బర్డ్ ఆస్పత్రి ఉంది, అక్కడ రెండో అభిప్రాయం తీసుకోండి.

బ్రిటన్‌లో జరిగింది మనకు సరిపోతుందా అంటే నాకే అనుమానం. అక్కడివాళ్ళు కింద కూర్చుని సంగటి తినరు. గొంతుక్కూర్చుని పాలు పిండరు. ముప్పై ఏళ్ళు రాయి కొట్టిన మోకాలు ఎంతకాలం నిలుస్తుందో వాళ్ళ లెక్కల్లో వెతికితే దొరకడం కష్టం. అందుకే తిరుపతిలో ఇలాంటి స్టడీ జరగడం నాకు నిజంగా సంతోషం. మీ నాయన లాంటివాళ్ళు అందులో ఉండాలి కూడా. కానీ వృత్తి దగ్గర "కూలి" అని రాసుకుంటే, రేపు లెక్కలు తీసేవాళ్ళకు ఆయన చీనీ తోటలో పనిచేశారో గనిలో పనిచేశారో ఎలా తెలుస్తుంది? స్టడీలో చేరినా ఆయన మోకాలి చరిత్ర చేరదు. అది దిద్దించడం మీ మొదటి పని.

స్టడీ సక్రమమైనదా కాదా అని చూడటం మీరు అనుకున్నంత కష్టం కాదు. మన దేశంలో ఇలాంటి పరిశోధనలన్నీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ముందుగా నమోదు కావాలి. ఆ నంబరు అడిగి ఫోన్లో కొట్టి చూడండి, ఎవరు చేస్తున్నారు, ఎంతమందిని చేర్చుకుంటున్నారు, అన్నీ అక్కడ ఉంటాయి. ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న కాగితం ఉందా, అందులో ఫిర్యాదు చెయ్యడానికి ఎవరి పేరు ఉంది అని అడగండి. రోగికి ఇచ్చే సమాచార పత్రం తెలుగులో ఉండాలి. ఉన్నా చాలదు, మీ నాయనకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. నేను చూసిన కొన్ని పత్రాలు నాకే అర్థం కాలేదు. "యాదృచ్ఛికీకరణ" అని రాస్తే మీ నాయనకేం తెలుస్తుంది? చీటీ తీస్తారు అంటే తెలుస్తుంది.

సంతకం మీరు పెట్టకూడదు. మీ నాయన తెలివిలో ఉన్న మనిషి, మోకాలు ఆయనది. చదవలేనివాళ్ళకు పత్రం చదివి వినిపించేటప్పుడు స్టడీతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండి, చెప్పిందీ రాసిందీ ఒకటేనని తనూ సంతకం పెట్టాలి. ఆ సాక్షి స్టడీ నర్సో కోఆర్డినేటరో అయితే చెల్లదు. మీరు పక్కన కూర్చోండి. అంతా అయ్యాక "నాయనా, ఇప్పుడు వీళ్ళేం చేస్తారో నాకు చెప్పు" అని అడగండి. ఆయన తన మాటల్లో చెప్పగలిగితే పెట్టమనండి. సంతకమైన పత్రం నకలు మీ దగ్గర ఉండాలి. వద్దన్నా, మధ్యలో మానుకున్నా, ఆయనకు అందాల్సిన మామూలు వైద్యం ఆగదు, ఆపకూడదు. ఈ వారంలోనే చెప్పాలన్న తొందరకు లొంగకండి. మోకాలు ముప్పై ఏళ్ళలో అరిగింది, ఒక నెలలో పారిపోదు.

ఫ్రీ అన్న మాట మీద మీ నాయనతో ఒకసారి నెమ్మదిగా మాట్లాడండి. మోకాలి ఇంప్లాంట్ల ధరకు కేంద్రం 2017 ఆగస్టులో కళ్ళెం వేసింది. ఎక్కువమందికి వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు పెట్టిన పరిమితి 54,720 రూపాయలు, పన్ను అదనం. అది తక్కువేమీ కాదు గానీ, మొత్తం ఖర్చులో అదొక భాగమే. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత కూడా చూపించుకోవడానికి కుప్పం నుంచి తిరుపతికి రావాలి. ఆ ప్రయాణ ఖర్చులు ఇస్తారా? స్టడీ వల్ల ఏదైనా తేడా వస్తే వైద్యం వాళ్ళే చేస్తారా, పరిహారం మాటేంటి? అది పత్రంలో రాసి ఉండాలి. అన్నిటికంటే మీరు మరిచిపోయేది ఎడమ మోకాలు. స్టడీ ఒక మోకాలికే అయితే రెండోదాని ఖర్చు ఎవరిది?

ఇవన్నీ తేలేలోపు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. 2015లో డెన్మార్క్‌లో మోకాలి మార్పిడికి తగినవాళ్ళు వంద మందిని తీసుకుని, సగం మందికి ఆపరేషన్‌తో పాటు వ్యాయామం, మిగతా సగానికి వ్యాయామం, బరువు తగ్గడం, చెప్పుల్లో మెత్తలు లాంటివి మాత్రమే ఇచ్చారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకే ఎక్కువ గుణం కనిపించింది. కానీ రెండో సగంలో ఏడాదిలోపు ఆపరేషన్‌కు వెళ్ళింది నాలుగో వంతు మందే. తొడ ముందు కండరం బలపడితే ఆపరేషన్ తర్వాత కూడా అదే కాపాడుతుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి, పది లెక్కపెట్టేదాకా నిలిపి, దించమనండి. పూటకు పదిహేను సార్లు. కర్ర పట్టుకునేటట్టయితే నొప్పి ఉన్న కుడి పక్క కాదు, ఎడమ చేత్తో పట్టుకోవాలి. ఈ మాట చెప్తే నూటికి తొంభై మంది నమ్మరు, నాలుగడుగులు వేసి చూశాక నమ్ముతారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలు ఎన్నేళ్ళుగా వాడుతున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. కిడ్నీ పరీక్ష చేయించండి. రంగురంగుల పొట్లాల మందు ఏదైనా వాడుతుంటే అదీ చెప్పండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే మిగిలిన టీబీని అది లేపొచ్చు.

మీరు అడగలేదు గానీ, ఇంకో సంగతి. గని పనివాళ్ళ మోకాళ్ళు అరగడం పని వల్లే వచ్చే జబ్బని బ్రిటన్ 2009లో ఒప్పుకుంది. పదేళ్ళు భూమి కింద చేసిన బొగ్గు కార్మికులకు భత్యం ఇచ్చే జాబితాలో చేర్చింది. మన దగ్గర మోకాలి మీద పరిహారం అడగడం కష్టం. సిలికోసిస్ అలా కాదు. పరిహారం ఇవ్వాల్సిన జబ్బుల చట్టపు జాబితాలో పని వల్ల వచ్చే జబ్బుగా అది ఉంది. మీ నాయన పనిచేసిన కాలంలో ఉన్న గనుల చట్టం కింద క్వారీ కూడా గనే. పనిలో చేరేటప్పుడూ, ఆ తర్వాత ఐదేళ్ళకోసారీ ఛాతీ ఎక్స్‌రేతో సహా పరీక్ష చేయించి, ఫారం ఓ అనే కాగితం ఇవ్వాల్సి ఉండేది. గనిలో అది ఇచ్చే ఉంటారు, క్వారీలో ఇచ్చి ఉంటే ఆశ్చర్యపోతాను. గని గుర్తింపు కార్డు, పీఎఫ్ చీటీ, క్వారీలో కూలి ఇచ్చిన పుస్తకం, ఆయనతో పాటు పనిచేసినవాళ్ళ పేర్లు, ఏవుంటే అవి ఒక సంచిలో వెయ్యండి. ఊపిరితిత్తుల డాక్టరు సిలికోసిస్ అని తేలిస్తే ఆ మాట కాగితం మీద స్పష్టంగా రాయించుకోండి. దావా వెయ్యడానికి గడువు ఉంది. దాటిపోయినా ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే విచారించే అధికారి ఒప్పుకునే వీలుంది. అక్కడి నుంచి లాయరు పని.

రేపు ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఒక తెల్ల కాగితం తీసుకుని మీ నాయన పక్కన కూర్చోండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఎక్కడ చేశారు, ఏ రాయి, ఏ పనిముట్టు, నీళ్ళు పోసేవాళ్ళా లేదా, మోకాళ్ళ మీద కూర్చునేదా గొంతుక్కూర్చునేదా, రోజుకు ఎన్ని గంటలు. ఆయన ఎలా చెప్తే అలాగే రాయండి. దాన్ని ఎముకల డాక్టరుకు ఒకటి, ఊపిరితిత్తుల డాక్టరుకు ఒకటి, స్టడీ వాళ్ళకు ఒకటి ఇచ్చి, కేసు షీటులో "కూలి" అన్నచోట దిద్దమని అడగండి.

ఆవుల మాట కూడా అడగండి. మొత్తం మార్చినా ఒక పక్క మార్చినా, ఇప్పటిలాగా గొంతుక్కూర్చుని పిండడానికి డాక్టరు ఒప్పుకోకపోవచ్చు. ఎత్తు పీట వేసుకుంటే కుదురుతుందా, ఎన్ని నెలలకు మొదలుపెట్టొచ్చు, అప్పటిదాకా పాలు ఎవరు పిండుతారు అన్నది ఆపరేషన్ తేదీ ఖాయం చేసేలోపే ఇంట్లో తేల్చుకోండి. మీ అన్నకు ఆ పని అప్పజెప్పి చూడండి.